అడగకముందే చెప్పాల్సిన నిజం

అణు పరిశోధన మాట వచ్చినప్పుడల్లా మన చర్చ రెండు పక్షాలుగా చీలిపోతుంది. జనానికి సైన్స్ తెలియదు కాబట్టే భయపడతారని ఒక పక్షం. శాస్త్రజ్ఞులు నిజం దాస్తారు కాబట్టే నమ్మలేమని ఇంకో పక్షం. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పుకుంటూ బతికినవాణ్ణి గనక ఈ వాదన నా ఎదుట ఎన్నోసార్లు నడిచింది. నన్ను మొదటి పక్షంలో కలుపుకుందామని చూసినవాళ్ళే ఎక్కువ. అయితే అమెరికాలో మూతపడిన ఒక రియాక్టర్ కథను, మన దేశంలో ఇంకా మొదలే కాని ఒక ప్రయోగశాల కథను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ రెండు మాటలూ అసలు సంగతిని తాకలేదని తెలుస్తుంది. ఆ రెండు కథలూ నాకు నేర్పిన దాన్ని ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మొదటిది బ్రూక్‌హేవన్ కథ. న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలండ్ అనే పొడవాటి దీవి ఉంది. ఆ దీవిలో, ఒకప్పుడు క్యాంప్ అప్టన్ అనే సైనిక శిబిరం ఉన్న చోట, 1947లో బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాల వెలిసింది. తొమ్మిది విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టిన సంస్థ ప్రభుత్వం తరఫున దాన్ని నడిపేది. అక్కడ 1965లో ‘హై ఫ్లక్స్ బీమ్ రియాక్టర్’ పని మొదలుపెట్టింది. అది కరెంటు కోసం కట్టింది కాదు, న్యూట్రాన్ల కోసం కట్టింది. ఆ న్యూట్రాన్ ధారలను లోహాల మీదికి, స్ఫటికాల మీదికి, జీవపదార్థాల మీదికి పంపి లోపల పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో చూసేవారు. మన కణాల్లో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ లోపల ఏ ప్రోటీన్ ఎక్కడుందో గుర్తించే పనికి ఈ న్యూట్రాన్లు తోడ్పడ్డాయి. ప్రపంచం నలుమూలల నుంచీ పరిశోధకులు వరస కట్టి వచ్చిన చోటు అది.

ఆ రియాక్టర్ పక్కనే వాడేసిన ఇంధనాన్ని చల్లబరిచే కాంక్రీటు కొలను ఒకటి ఉండేది. అందులో 68,000 గ్యాలన్ల నీళ్ళు, అంటే రెండున్నర లక్షల లీటర్లకు పైమాట. కొలనుకు లోపల ఉక్కు రేకు తొడుగు లేదు. రియాక్టర్‌ను చల్లబరచడానికి భారజలం వాడేవారు. భారజలంలో న్యూట్రాన్ల తాకిడికి ట్రిటియం పుడుతుంది. ట్రిటియం అంటే హైడ్రోజన్‌కే రేడియోధార్మిక రూపం. ఇంధనాన్ని కొలనులోకి మార్చినప్పుడల్లా దానితో పాటు కొంత ట్రిటియం కూడా కొలను నీళ్ళలోకి చేరేది. కొలను నుంచి రోజుకు ఆరు నుంచి తొమ్మిది గ్యాలన్ల నీళ్ళు, మన లెక్కన ఒకటి రెండు బకెట్లు, భూమిలోకి ఇంకుతూ వచ్చాయి. కొలను పైనుంచి నీళ్ళు ఎలాగూ ఆవిరవుతాయి. మట్టం తగ్గితే మళ్ళీ పోస్తారు. అంత పెద్ద కొలనులో రెండు బకెట్ల తేడా ఆవిరి లెక్కలో కలిసిపోయింది. అలా ఏళ్ళ తరబడి, బహుశా 12 ఏళ్ళ పాటు జరిగి ఉంటుందని తర్వాత తేలింది.

1996 చివర రియాక్టర్‌ను మామూలు పనుల కోసం ఆపారు. అదే సమయంలో దాని దక్షిణాన కొత్తగా తవ్విన పరిశీలన బావుల నీళ్ళ పరీక్షలు వచ్చాయి. 1997 జనవరిలో ప్రయోగశాల సంగతి బయటపెట్టింది. భూగర్భజలంలో ట్రిటియం తాగునీటి పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. రేడియోధార్మికతను కొలిచే పికోక్యూరీల లెక్కన అమెరికాలో ఆ పరిమితి లీటరుకు 20,000.

ఇక్కడ లెక్క చూడండి. ట్రిటియం వదిలే బీటా కిరణం బలహీనమైంది, మన చర్మాన్ని కూడా దాటలేదు. ట్రిటియం ఒంట్లోకి చేరితే తప్ప హాని చేయదు. ఆ కలుషిత జలం ప్రయోగశాల సరిహద్దు లోపలే ఉంది, దాన్ని తాగేవారు ఎవరూ లేరు. ట్రిటియం పన్నెండేళ్ళకు కాస్త పైగా గడిచేసరికి సగమవుతుంది. ఆ ఇసుక నేలలో భూగర్భజలం రోజుకు ఒక అడుగు కూడా కదలదు. అది ఊళ్ళను చేరేలోపు చాలావరకు క్షీణించిపోతుంది. కరెంటు లేకపోయినా చీకట్లో వెలిగేలా సినిమాహాళ్ళలో, విమానాల్లో తలుపుల పైన పెట్టే ‘ఎగ్జిట్’ పలకల్లో కూడా ట్రిటియమే ఉంటుంది. భూమిలోకి పోయిందంతా కలిపినా అలాంటి పలకలో ఉండే స్థాయిదేనని శాస్త్రజ్ఞులు వివరించారు. ఈ వివరణలో నాకు తప్పేమీ కనిపించదు. ఇదే ప్రశ్న పరీక్షలో వస్తే విద్యార్థి ఈ జవాబే రాయాలి.

జనం మాత్రం నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో తెలుసుకోవాలంటే ట్రిటియాన్ని పక్కనపెట్టి ఆ దీవిని చూడాలి. లాంగ్ ఐలండ్‌లో తాగునీరంతా కాళ్ళ కింది భూమిలోంచే వస్తుంది. నీళ్ళ మాట అక్కడ ప్రతి ఇంటి మాట. బ్రూక్‌హేవన్‌కు దగ్గర్లోనే షోరమ్ అనే చోట ఒక అణు విద్యుత్ కేంద్రం కట్టారు. 1979లో త్రీమైల్ ఐలండ్ ప్రమాదం, 1986లో చెర్నోబిల్ జరిగాయి. ప్రమాదం వస్తే ఇంత ఇరుకు దీవి నుంచి జనాన్ని తరలించడం అసాధ్యమని 1983లోనే అక్కడి స్థానిక ప్రభుత్వమైన సఫోక్ కౌంటీ తేల్చింది. దాదాపు ఆరు వందల కోట్ల డాలర్లు మింగిన ఆ కేంద్రం వాణిజ్యపరంగా ఒక్క రోజు కూడా నడవకుండానే 1989లో మూసివేత ఒప్పందం కుదిరింది. అదే ఏడాది బ్రూక్‌హేవన్ ప్రయోగశాల స్థలం పాత రసాయన కాలుష్యం కారణంగా జాతీయ శుద్ధి జాబితాలోకి ఎక్కింది. అక్కడి ద్రావకాలు సరిహద్దు దాటి భూగర్భజలంలో కలిశాయి. 1996లో దక్షిణాన ఉన్న ఇళ్ళకు బావుల బదులు కుళాయి నీళ్ళు ఇప్పించే పని మొదలైంది. వీటన్నిటి మధ్య దీవిలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందన్న ఆందోళన ఎంతగా పెరిగిందంటే, 1993లో అమెరికన్ కాంగ్రెస్ దాని మీద ప్రత్యేక అధ్యయనం చేయాలని చట్టమే చేసింది. ఇంత జరిగిన నేల మీద ట్రిటియం వార్త పడింది.

అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. నిల్వ తొట్లకు రెండు పొరలుండాలన్న సఫోక్ కౌంటీ నిబంధనను పాటిస్తామని 1987లోనే అమెరికా ఇంధన శాఖ కౌంటీతో ఒప్పందం చేసుకుంది. రియాక్టర్ దగ్గర పరిశీలన బావులు తవ్వుతామని 1994లో మాట ఇచ్చారు. ఆ పని మిగతా పనుల కంటే వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది. బావులు తవ్వింది 1996లో. అమెరికా ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం 1997 నవంబరు నివేదికలో ఈ వరసంతా విప్పి చెప్పింది. రియాక్టర్ కొలను కారుతుందన్న అనుమానం ప్రయోగశాలకు లేదు, కాబట్టి ఆ బావులకు తొందరేమీ లేదనుకుంది. ఆ జాప్యానికి సాంకేతికంగా పెద్ద ఫలితం లేదు. ప్రజల దృష్టిలో మాత్రం ఆ ఫలితానికి హద్దు లేదు. బావులు 1994లోనే తవ్వి, కారుతోందని ప్రయోగశాలే ముందుగా చెప్పి ఉంటే, అది మరమ్మతు వార్తగా ముగిసి ఉండేది. 1997లో అది ద్రోహం వార్త అయింది. అప్పటి నుంచి ఎగ్జిట్ పలక లెక్క ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళకు అది తప్పించుకునే మాటలాగే వినిపించింది.

రాజకీయం ఆ తర్వాత కదిలింది, చాలా వేగంగా కదిలింది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు మైఖేల్ ఫోర్బ్స్, సెనేటర్ అల్ఫోన్స్ డి’అమాటో ఆ రియాక్టర్ మళ్ళీ తెరవకూడదన్నారు. 1997 మే 1న ఇంధన శాఖ మంత్రి ఫెడెరికో పేన్యా, యాభై ఏళ్ళుగా ప్రయోగశాలను నడిపిన సంస్థ కాంట్రాక్టును రద్దు చేశారు. నటుడు అలెక్ బాల్డ్విన్ వంటి ప్రముఖులు ఉద్యమంలోకి వచ్చారు. రియాక్టర్‌ను తిరిగి నడపాలా వద్దా అన్నదాని మీద పర్యావరణ ప్రభావ నివేదిక తయారవుతూనే ఉంది. అది పూర్తి కాకముందే, 1999 నవంబరులో, అప్పటి మంత్రి బిల్ రిచర్డ్‌సన్ శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించారు. దాని మీద ఆధారపడ్డ పరిశోధకులు కొందరు ఫ్రాన్సు దారి పట్టారు, కొందరి పని మధ్యలో ఆగిపోయింది. రైబోజోమ్ బొమ్మల కోసం, కొత్త పదార్థాల కోసం పడ్డ శ్రమలో ఎంత పోయిందో ఎవరూ లెక్క వేసి ప్రజల ముందు పెట్టలేదు.

రెండో కథ మనది. 1965లోనే మన దేశం న్యూట్రినోలనే సూక్ష్మకణాల పరిశోధనలో ప్రపంచం ముందు నిలబడింది. కోలార్ బంగారు గనుల్లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు జపాన్, ఇంగ్లండ్ పరిశోధకులతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. దక్షిణాఫ్రికా గనిలో అదే పని చేస్తున్న అమెరికన్ల కంటే కొద్ది రోజుల ముందే ఆ ఫలితం అచ్చయింది. చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న ఆ గనుల్లో తమిళులతో పాటు మన తెలుగు కుటుంబాలు కూడా తరాలుగా దిగి పనిచేశాయి. గనులు తర్వాత ఒక్కొక్కటీ మూతపడ్డాయి, ఆ పరిశోధనకూ చోటు లేకుండా పోయింది.

ఆ పరంపరను మళ్ళీ నిలబెట్టడానికి ‘ఇండియా బేస్డ్ న్యూట్రినో అబ్జర్వేటరీ’ని తలపెట్టారు. మొదట నీలగిరుల్లోని సింగారను ఎంచుకున్నారు. అది ముదుమలై పులుల అభయారణ్యం పక్కనే ఉందని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ కాదంది. తర్వాత తమిళనాడులోని తేని జిల్లా, పొట్టిపురం దగ్గరి బోడి పశ్చిమ కొండలను ఎంచుకున్నారు. కొండలోకి దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వి, పైన కిలోమీటరుకు మించిన రాయి ఉండేలా ఒక గుహ చెయ్యాలి. అందులో 50,000 టన్నుల ఇనుము. ఇనుప పలకల పొరల మధ్య దాదాపు 30 వేల గాజు డిటెక్టర్లు. ఆ రాతి మందం విశ్వకిరణాలను వడగడుతుంది. న్యూట్రినోలకు రాయి అడ్డం కాదు, అవి దాటుకుని వస్తాయి. ఎక్కడో ఒకటి ఇనుమును తాకితే, పుట్టిన కణం దారిని గాజు డిటెక్టర్లు గుర్తు పడతాయి. ఆ గుహలో అణు ఇంధనం లేదు. రియాక్టర్ లేదు. న్యూట్రినోలు ఇప్పుడు ఈ వాక్యం చదువుతున్న మీ శరీరంలోంచి కూడా క్షణానికి లక్షల కోట్లలో దూసుకుపోతున్నాయి, మీకేమీ కావడం లేదు. కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో సుమారు 1,500 కోట్ల రూపాయలతో దీన్ని ఆమోదించింది.

బ్రూక్‌హేవన్‌లో కనీసం ట్రిటియం కారింది. ఇక్కడ కారడానికి ఏమీ లేదు. అయినా ఫలితం అలాంటిదే అయింది. 2015లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వచ్చేదాకా పని మొదలుపెట్టవద్దంది. కేరళలోని మతికెట్టాన్ షోలా జాతీయ ఉద్యానం ఐదు కిలోమీటర్ల లోపే ఉందన్న కారణంతో 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పాత పర్యావరణ అనుమతిని పక్కనపెట్టింది. 2018లో కేంద్రం దీన్ని ప్రత్యేక సందర్భంగా చూసి మళ్ళీ అనుమతిచ్చింది. 2021లో తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ఈ ప్రాజెక్టును విరమించాలని ప్రధానిని కోరారు. పశ్చిమ కనుమల్లో దీన్ని అనుమతించబోమని 2022లో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. మదురైలో 85 టన్నుల నమూనా డిటెక్టర్ మాత్రం నిలబడింది. చైనాలో అదే కాలంలో మొదలుపెట్టిన జునో భూగర్భ ప్రయోగశాల 2025లో డేటా సేకరణ మొదలుపెట్టింది.

తేనిలో జనం భయపడింది న్యూట్రినో కణానికేనా? ఊళ్ళవాళ్ళ ప్రశ్నలు పట్టి చూస్తే అందులో కణం వాటా తక్కువ. కొండ పేలిస్తే మా బావుల్లో నీళ్ళుంటాయా? మేకలు మేపుకునే కొండ మీదికి రేపు మమ్మల్ని రానిస్తారా? ముల్లపెరియార్, ఇడుక్కి ఆనకట్టలకు ఏమైనా అవుతుందా? తవ్విన గుహలో రేపు అణు వ్యర్థాలు పెట్టరని ఏమిటి నమ్మకం? చివరి ప్రశ్నను విని చాలామంది శాస్త్రజ్ఞులు నొచ్చుకున్నారు, అజ్ఞానమన్నారు. కానీ ఆ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు. ఈ ప్రాజెక్టుకు డబ్బిచ్చేవారిలో ముఖ్యులు అణుశక్తి విభాగం వారే. 2011లో ఫుకుషిమా తర్వాత అదే రాష్ట్రంలోని కూడంకుళంలో అణు విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా మత్స్యకారులు నెలల తరబడి పోరాడారు. ఆ కేంద్రం మీద కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, 2012లో, అణు వ్యర్థాలను లోతుగా దాచే చోటుగా కోలార్ గనుల పేరు కోర్టు ముందుకు వచ్చింది. కోలార్ జనం వీధుల్లోకి వచ్చారు. అలాంటి ఉద్దేశం లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అంటే న్యూట్రినోలు కనిపించిన గనినే వ్యర్థాల గోతిగా కోర్టులో పేర్కొన్నారు. ఆ మాట విన్న తేని రైతు, రేపు మా కొండ సంగతేమిటని అడిగితే దాన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు. తనకు తెలిసినంతలో అతను సరిగ్గానే ఆలోచించాడు.

కాగితాల్లో ఉన్న మరో చిక్కు కూడా చూడాలి. పర్యావరణ చట్టంలో ఇలాంటి భూగర్భ ప్రయోగశాలకు సొంత వర్గమేదీ లేదు. దీన్ని భవన నిర్మాణ ప్రాజెక్టుల కింద చేర్చి పరిశీలించారు. ఆ వర్గానికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. శాస్త్రజ్ఞులు ఊళ్ళు తిరిగారు, బళ్ళకు వెళ్ళారు, వివరణ పత్రాలు పంచారు, ఎంతో ఓపికగా మాట్లాడారు. 2015లో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం కూడా దీన్ని సమర్థిస్తూ రాశారు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ కొండను ఏ వర్గంలో పెట్టాలో ఢిల్లీలో తేలిపోయాక ఊళ్ళో చెప్పే మాట వివరణ అవుతుందే తప్ప సంప్రదింపు కాదు. జనం ఆ తేడాను చాలా సూటిగా పసిగడతారు.

నాకు ఈ సంగతి పుస్తకాల కంటే బాగా నేర్పినది నల్లమల అంచున ఒక ముసలాయన. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం నాలుగు వేల బోర్లు వేస్తారన్న వార్త పాలమూరునంతా కుదిపేసింది. అది పరిశోధనశాల కాదు, ఖనిజాన్వేషణ. అన్వేషణ చేయాల్సిన అణు ఖనిజ సంచాలనాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ రోజుల్లో అచ్చంపేట దగ్గర ఒక ఊళ్ళో ఉపాధ్యాయ మిత్రులు సమావేశం పెట్టి, రేడియోధార్మికత అంటే ఏమిటో చెప్పమని నన్ను పిలిచారు. యురేనియం అంటే ఏమిటి, నేలలో సహజంగానే ఎంత ఉంటుంది, బోరు వేయడానికీ గని తవ్వడానికీ తేడా ఏమిటి, నీళ్ళలో ఎంత దాటితే ప్రమాదం, ఇవన్నీ బోర్డు మీద రాసి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర ఒక పెద్దాయన లేచాడు.

“సారూ, నువ్వు చెప్పింది నిజమే గావొచ్చు. నేను గాదనను. రేపు మా నీళ్ళల్ల తేడా వస్తే మేం ఎవరి తాన పోవాలె? గా వచ్చేటోడు గీ బోర్లు ఏసేటోళ్ళ మనిషే అయితే ఎట్ల?”

నేను కాలుష్య నియంత్రణ మండలి పేరు చెప్పాను. కలెక్టరు పేరు చెప్పాను. అణుశక్తి నియంత్రణ మండలి ముంబైలో ఉంటుందని చెప్పాను. ఆయన తల ఊపి, “ముంబైనా?” అని మాత్రం అని కూర్చున్నాడు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

ఆ పెద్దాయన అడిగిన రెండో మాటను గమనించండి. పరీక్షించేవాడు, నడిపేవాడు ఒకరే అయితే ఎట్లా అని. అదే ప్రశ్నను 2012లో కాగ్ నివేదిక తన భాషలో అడిగింది. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని ఎత్తిచూపింది. ఆ స్వతంత్రత కోసమని 2011లో లోక్‌సభలో పెట్టిన బిల్లు ఆ సభ కాలం ముగియడంతో మురిగిపోయింది. బడికి పెద్దగా వెళ్ళని మనిషి, దేశపు అత్యున్నత ఆడిటరు ఒకే చోట వేలు పెట్టారు. జనానికి సైన్స్ తెలియదనే వాళ్ళకు నేనిప్పుడు ఈ సంగతే గుర్తు చేస్తాను. జనం అడిగేది చాలాసార్లు సైన్స్ ప్రశ్న కాదు, బాధ్యత ప్రశ్న. దానికి పికోక్యూరీలతో జవాబు చెప్తే, లెక్క ఎంత సరైనదైనా, అది అడిగినదానికి జవాబు కాదు.

నేను నేర్చుకున్నది ఇది. ఏ అణు ప్రయోగశాల విషయంలోనైనా నిజం ఎంత బలమైనదన్నది అది ఎప్పుడు బయటికొచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. అడగకముందు చెప్పిన చిన్న లోపం నమ్మకాన్ని పెంచుతుంది. అడిగాక చెప్పిన పెద్ద నిజం కూడా సంజాయిషీ కింద జమవుతుంది. లాంగ్ ఐలండ్‌లో బావులు ఆలస్యమయ్యాయి. తేనిలో సంప్రదింపు ఆలస్యమయింది. రెండు చోట్లా శాస్త్రం ఓడిపోయింది ఆ ఆలస్యం దగ్గరే. ఆ తర్వాత రాజకీయ నాయకులు చేసింది చాలావరకు అప్పటికే తయారైన కోపాన్ని చదవడమే.

అలాగని నాయకులను వదిలెయ్యను. కోపాన్ని చదవడం నాయకుడి పనిలో సగమే. తాను అడిగిన నివేదిక వచ్చేదాకా ఆగడం మిగతా సగం. బిల్ రిచర్డ్‌సన్ ఆగలేదు. మనకు ప్రాజెక్టు తెచ్చుకుంటే వచ్చే నష్టం మీద ఊరూరా సభలు జరుగుతాయి. వదులుకుంటే వచ్చే నష్టం మీద ఒక్క సభ జరగదు. 1965లో కోలార్‌లో ముందున్న దేశం అరవై ఏళ్ళ తర్వాత తన పిల్లలను న్యూట్రినో చదువుకు పరాయి దేశాల గుహలకు పంపుతోంది. ఇది కూడా నష్టమే. తమిళనాడు ఆ కొండను వద్దనుకోవడానికి పశ్చిమ కనుమల పర్యావరణం లాంటి గట్టి కారణాలు ఉండొచ్చు, వాటిని నేను గౌరవిస్తాను. కానీ వద్దనుకున్నప్పుడు ఏం కోల్పోతున్నామో కూడా అదే నోటితో ప్రజలకు చెప్పాలి. అప్పుడే అది ప్రజల నిర్ణయమవుతుంది.

నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదంటారు. బ్రూక్‌హేవన్ చరిత్ర ఆ మాట తప్పని చూపించింది, అందుకే ఆ కథను నేను ఓటమి కథగా మాత్రమే చెప్పను. 1998లో కొత్త యాజమాన్యం వచ్చింది. భౌతికశాస్త్రవేత్త జాన్ మార్బర్గర్ డైరెక్టరయ్యారు. ఆ ఏడాదే ఒక పౌర సలహా మండలి ఏర్పడింది. అందులో పొగిడేవాళ్ళతో పాటు విమర్శకులకు, పర్యావరణ సంఘాలకు, చుట్టుపక్కల వాడల వారికి చోటిచ్చారు. నీటి పరీక్షల ఫలితాలు, శుద్ధి పనుల వివరాలు వాళ్ళ ముందు పెట్టడం మామూలైపోయింది. 1999లో ప్రయోగశాలలో కొత్త భారీ కణ త్వరణ యంత్రం మొదలయ్యే ముందు, అది కృష్ణబిలాన్ని పుట్టించి భూమినే మింగేస్తుందన్న పత్రికా కథనం వచ్చింది. శాస్త్రజ్ఞులకు అది నవ్వు తెప్పించే మాట. మార్బర్గర్ దాన్ని నవ్వి వదిలెయ్యలేదు. పేరున్న భౌతికశాస్త్రవేత్తలతో ఒక కమిటీ వేసి, ఆ భయాన్ని లెక్కలతో పరిశీలించి, నివేదికను అందరి ముందూ పెట్టించారు. యంత్రం 2000లో పని మొదలుపెట్టింది. 2020లో అమెరికా ప్రభుత్వం తన తర్వాతి భారీ అణు భౌతిక యంత్రం, ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్, కోసం బ్రూక్‌హేవన్‌నే ఎంచుకుంది. పాత రియాక్టర్ పొగగొట్టాన్ని 2021లో కూల్చేశారు. ఒకప్పుడు మూసెయ్యమన్న ఊరే కొత్త యంత్రానికి ఇల్లయింది. ఈ మధ్యలో ట్రిటియం స్వభావమేమీ మారలేదు. మారింది ప్రయోగశాల ప్రవర్తన.

మన దగ్గర ఇది సాధ్యం కాదని నేను అనుకోను. కావలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. స్థలం ఖరారు చేయకముందే ఊళ్ళో కూర్చుని మాట్లాడాలి. ఏమేం తేలేదో, ఏమేం ఇంకా తెలియదో ఆ రోజే చెప్పాలి. పరీక్ష చేసే బావులు, కొలిచే పరికరాలు ప్రాజెక్టు నడిపేవాళ్ళ చేతిలో మాత్రమే ఉండకూడదు. దగ్గర్లోని విశ్వవిద్యాలయానికీ, గ్రామసభ ఎంచుకున్న మనుషులకూ వాటిలో భాగముండాలి. కొలతలు నెల నెలా పంచాయతీ గోడ మీద తెలుగులో కనిపించాలి, బాగున్న నెలా, బాగాలేని నెలా. తేడా వస్తే రావాల్సిన మనిషి పేరు అందరికీ తెలియాలి, అతని కార్యాలయం జిల్లా కేంద్రంలోనే ఉండాలి. ముంబై చాలా దూరం.

చదువరులకు నా విన్నపం కూడా ఉంది. మీ ఊరి దగ్గరికి ఇలాంటి ప్రాజెక్టు ఏదొచ్చినా ప్రశ్నించండి, గట్టిగా ప్రశ్నించండి. ప్రశ్నించడమే సైన్స్‌కు మూలం, అందులో అవమానపడాల్సింది శాస్త్రజ్ఞులకు ఏమీ లేదు. అయితే జవాబు వచ్చినప్పుడు దాన్ని చదివి, కొలిచి చూసే ఓపిక కూడా తెచ్చుకోండి. వద్దనేముందు ఏం వదులుకుంటున్నామో ఒకసారి అడగండి. నా తోటి శాస్త్ర ఉపాధ్యాయులకూ, ప్రయోగశాలల్లో పనిచేసే నా పూర్వ విద్యార్థులకూ చెప్పేది ఒక్కటే. మీ కొలనులోంచి ఒక్క చుక్క కారినా ఆ కబురు ఊరికి ముందు మీ నుంచే చేరాలి.